లాంతరు ప్రకటనలో మూడో గడి

రేడియో వినేవాడికి కళ్ళుండవని మా లెక్చరర్ గారు బల్ల మీద డస్టరుతో కొట్టి మరీ చెప్పారు. మేము రాజమండ్రి కాలేజీలో బి.కాం. ఆఖరి సంవత్సరం చదువుతున్నాం. ఆయన మద్రాసులో ప్రకటనల కంపెనీలో కొన్నాళ్ళు పనిచేసి, అక్కడ ఇమడలేక మా నెత్తిన పడ్డారు. ఇద్దరిద్దరు కలిసి ముప్పై సెకన్ల రేడియో ప్రకటన ఒకటి తయారుచెయ్యాలన్నారు. ముందు డ్రాయింగు కాగితం మీద గళ్ళు గియ్యాలి. ఒక్కొక్క గడిలో వినేవాడి బుర్రలో ఏ బొమ్మ కనపడాలో అది వెయ్యాలి. దాని కింద ఏ చప్పుడు వినపడాలో, ఎన్ని సెకన్లు వినపడాలో రాయాలి. దాన్ని స్టోరీబోర్డు అంటారట.

"సినిమావాళ్ళకి కదండీ బొమ్మలు, రేడియోకెందుకండి?" అన్నాను. నాకు నోరు ఊరుకోదు.

"రేడియోకే కావాలయ్యా. నీ బుర్రలో లేని బొమ్మ వాడి బుర్రలోకి ఎక్కణ్ణుంచి వస్తుంది?" అన్నారాయన. అందరికంటే బాగా చేసినవాళ్ళ టేపు విజయవాడ తీసుకెళ్ళి రేడియోలో తనకి తెలిసినవాళ్ళకి వినిపిస్తానని కూడా అన్నారు. ఆ మాట వినగానే ఆ టేపు నాదే కావాలని నిశ్చయించేసుకున్నాను. మిగతావాళ్ళ మొహాలు చూస్తే నాకు పోటీ ఎవరూ కనపడలేదు. ఆ వయసులో నాకు అంత పొగరుండేది.

ఆ ప్రాజెక్టు గురించి చెప్పాలంటే గోదావరి లంకలో పడవ వేసే ఒక మనిషి గురించి చెప్పాలి. ఆమెకి తెలియవలసింది ఒక్కటే. ఈ ఒడ్డు నుంచి ఎవరైనా పిలిస్తే, లంకలోంచి ఆమె ఇచ్చే జవాబు ఈ ఒడ్డుకి చేరుతుందా, చేరదా అని. నాలుగేళ్ళుగా ఆమె ప్రాణం ఆ ఒక్క ప్రశ్న మీద ఆగిపోయి ఉంది. మాకది తెలియదు. మా గొడవల్లా ముప్పై సెకన్లు.

మాది కొవ్వూరు. మార్కెట్ వీధిలో మా నాన్నకి లాంతర్ల కొట్టుంది. హరికేన్ లాంతర్లు, గ్లాసులు, వత్తులు, పెట్రోమాక్సు మాంటిల్సు. కరెంటు వచ్చిన ఊళ్ళల్లో కూడా అది ఉన్నంతసేపు ఉండి పోయేది కాబట్టి మా కొట్టుకి దిగుల్లేదు. గోదావరి లంకల్లో అయితే అసలు స్తంభాలే పాతలేదు. మా కొట్టుకొచ్చే వాళ్ళల్లో సగం మంది లంకలవాళ్ళే. అందుకని ప్రకటన లాంతరు మీదే అనుకున్నాం. నా జతగాడు కూడా మా ఊరివాడే. నాటకాల్లో పద్యాలు పాడే గొంతు వాడిది. బొమ్మలూ మాటలూ నావి, గొంతు వాడిది అని పంచుకున్నాం.

ఆలోచన మాత్రం నాదే. సంజెవేళ రేవు. అవతల లంకలో పడవ ఉంటుంది. ఇవతల ఒడ్డున ఒక మనిషి "ఓ...య్! పడవో...!" అని పిలుస్తాడు. జవాబు రాదు. మళ్ళీ పిలుస్తాడు. రాదు. అప్పుడు అగ్గిపుల్ల గీసి లాంతరు వెలిగిస్తాడు. వెలుగు చూసి పడవ కదులుతుంది. తెడ్డు చప్పుడు దగ్గరవుతుంది. "చేతిలో లాంతరుంటే పిలవక్కర్లేదు" అని వాక్యం. రాసుకుని నాకు నేనే మురిసిపోయాను.

లెక్చరర్ గారు స్టాప్‌వాచీ పట్టుకుని, నన్ను నోటితోనే మొత్తం చెప్పించారు. నలభై రెండు సెకన్లు వచ్చింది.

"పిలుపు ఎన్నిసార్లు?"

"మూడుసార్లండి. రేవులో అలాగే పిలుస్తారండి."

"రేవులో పిలుస్తారు. రేడియోలో ఒక్కసారి చాలు. కొట్టెయ్."

కొట్టేశాను. ఆరు గళ్ళు మిగిలాయి. మొదటి గడిలో నీళ్ళు, ఆరు సెకన్లు. రెండో గడిలో నోటికి చేతులు అడ్డుపెట్టుకుని పిలిచే మనిషి, మూడు సెకన్లు. మూడో గడి జవాబు రాకపోవడం, నాలుగు సెకన్లు. నాలుగులో అగ్గిపుల్ల, గ్లాసు పైకి లేపిన చప్పుడు. అయిదులో తెడ్డు. ఆరులో వాక్యం. అయిదు గళ్ళకీ బొమ్మలు వేశాను గానీ మూడోదానికి ఏం వెయ్యాలో తోచలేదు. జవాబు రాకపోవడానికి బొమ్మేముంటుంది? లంకని గీస్తే లంక కనపడుతుంది, పడవని గీస్తే పడవ కనపడుతుంది. గీసీ చెరిపీ, గీసీ చెరిపీ, కాగితం అక్కడ మాత్రం పలచబడిపోయింది. చివరికి ఖాళీగా వదిలేసి కింద "4 సె." అని రాశాను. లెక్చరర్ గారు చూసి, "ఇదొక్కటి బాగా వేశావు" అన్నారు.

ఆ కాగితాన్ని కొట్లో బల్ల మీద పరిచి నాన్నకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని గడి గడికీ వేలు ఆనించి చూశారు.

"ఒక్కసారే పిలిపిస్తున్నావేంట్రా?"

"టైము చాలదు నాన్నా."

"సంజెవేళ రేవులో ఒక్కసారి పిలిస్తే ఎవరూ పలకర్రా. రెండోసారి పిలిచేదాకా ఆగుతారు. నీళ్ళల్లో పోయినవాళ్ళు ఒక్కసారే పిలుస్తారంట. రెండోదానికి వాళ్ళకి ఊపిరుండదంట. అందుకని పిలిచేవాడు మనిషే అయితే రెండు, మూడు సార్లు పిలుస్తాడు. లంకలవాళ్ళు నీ ప్రకటన వింటే దడుసుకుంటారు."

"రేడియోలో దయ్యాలకైనా ముప్పై సెకన్లే నాన్నా" అన్నాను. ఆయన నవ్వలేదు. కాగితం చుట్టి నా చేతికిచ్చి, గ్లాసులు తుడుచుకోవడానికి లోపలికి వెళ్ళిపోయారు.

లెక్చరర్ గారి కాసెట్ రికార్డరు వారం రోజులకి అడిగి తెచ్చుకున్నాం. కొట్టు వెనకాల గొడౌన్లో ఒకసారి పిలుపు రికార్డు చేసి చూశాం. గొడౌన్లో అరిచినట్టే వచ్చింది. అందుకని రేవుకే వెళ్ళాలనుకున్నాం. చలికాలం. మా ఊరికి దిగువన సైకిల్ మీద ముప్పావుగంట దూరంలో ఒక రేవుంది. అక్కడ గోదావరి చిన్న పాయగా చీలి లంకని చుట్టుకుని పోతుంది. అటు ఒడ్డున మనిషి కనపడతాడు గానీ ఎవరో పోల్చుకోలేం. పగలు జనం బాగానే ఉంటారు. మేము వెళ్ళేసరికి టీ కొట్టాయన తడిక మూసేసుకుని సైకిలెక్కుతున్నాడు.

నీళ్ళ చప్పుడు బాగా పడాలని మైకుని ఒక వెదురు కర్రకి కట్టి నీటి అంచున బురదలో పాతాం. తీగ పొడుగ్గా ఉంది. మేము గట్టు పైన తాడిచెట్ల దగ్గర కూర్చున్నాం. గాలి మా వెనకనుంచి లంకవైపు వీస్తోంది. తాటాకులు నెత్తిన ఒకటే గలగల. మాట్లాడుకోవాలన్నా దగ్గరికి జరగాల్సి వచ్చింది. పొద్దు గుంకింది గానీ వెలుతురు పూర్తిగా పోలేదు. నీళ్ళు మాత్రమే తెల్లగా ఉన్నాయి, మిగతాదంతా నల్లబడుతోంది. లంకలో ఒక్క దీపం లేదు. ఇంత నిర్మానుష్యంగా ఉంటుందని తెలిస్తే మధ్యాహ్నమే వచ్చుండేవాళ్ళం కదా అని వాణ్ణి విసుక్కున్నాను. నిజానికి భయం వేస్తోంది, అది విసుగులోంచి బయటికొచ్చింది.

బటన్ నొక్కి, చేతి గడియారం చూస్తూ ఆరు అంకెలు లెక్కపెట్టి చెయ్యెత్తాను. వాడు నాలుగడుగులు దిగి, నోటికి చేతులు పెట్టుకుని పిలిచాడు.

"ఓ...య్! పడవో...!"

మంచి గొంతు. నీళ్ళ మీద సాగిపోయి అవతల ఎక్కడో ఆగింది. నేను ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టాను. తాటాకుల గలగల తప్ప ఏమీ వినపడలేదు. బటన్ నొక్కి ఆపేశాను. అంతే, పదమూడు సెకన్లు. మొదటిసారికే కుదిరింది. వాడి వీపు మీద చరిచాను.

మైకు పీకడానికి దిగుతుంటే వాడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. పాయ మధ్యలో పడవ ఉంది. అది బయల్దేరడం మేము చూడలేదు. తెడ్డు లేదు. ఒక మనిషి నిలబడి గెడ వేస్తోంది. గెడ నీళ్ళల్లో దిగడం, లేవడం కనపడుతోంది గానీ చప్పుడు లేదు. గాలి అటువైపు కాబట్టి వినపడలేదని ఇప్పుడు చెప్పగలను. అప్పుడు మాత్రం ఆ మాట తట్టలేదు.

"మనం నిజంగా ఎవర్నీ పిలవలేదు కదరా" అన్నాడు వాడు గుసగుసగా. "పిలిచావు కదరా వెధవా" అన్నాను.

పడవ ఒడ్డుకి తగిలింది. యాభై ఏళ్ళ ఆడమనిషి. చీర కొంగు బిగించి నడుముకి దోపుకుంది. దిగలేదు. గెడ పట్టుకుని మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"పిలిసింది మీరేనా బాబూ?"

"ఆయ్, మేమేనండి. ఊరికే పిలిచామండి. కాలేజీ పనండి. మీకు శ్రమ ఇచ్చాం" అన్నాడు వాడు.

ఆమెకి కోపం రాలేదు. మేము ఊరికే పిలవడం గురించి పట్టించుకోనే లేదు. "ఒక్కసారే పిలిసారు" అంది. కాస్త ఆగి, "నేను పలికానండి. గుమ్మంలోంచే పలికాను. ఇనపడిందా?" అంది.

"లేదండి."

"నిజం సెప్పండి బాబూ. కాత్తయినా ఇనపడలేదా?"

లేదని ఇద్దరం అన్నాం. అది నిజమే. అప్పుడు ఆమె పడవ అంచు మీద కూర్చుని చెప్పింది. ఎన్నోసార్లు చెప్పి చెప్పి అరిగిపోయిన మాటల్లా ఉన్నాయవి, ఎక్కడా గొంతు వణకలేదు.

నాలుగేళ్ళ కిందట శ్రావణంలో ఆమె కొడుకు పనికెళ్ళిన ఊరి నుంచి తిరిగొచ్చాడు. ఒంటి నిండా జ్వరం, గొంతు పూడుకుపోయింది. ఆ సంగతి మర్నాడు టీ కొట్టాయన చెబితే తెలిసింది. సంజెవేళ ఈ ఒడ్డునుంచి ఒక్కసారి పిలిచాడు. రెండోసారి గొంతు లేవలేదు. ఆమె లంకలో ఇంటి గుమ్మంలో నిలబడి విన్నది. రేవులో అందరూ చేసేదే ఆమె కూడా చేసింది. నోరు మూసుకుని రెండో పిలుపు కోసం చూసింది. వాడు కాసేపు చూసి, ఈత వచ్చు కదా అని ఎర్రనీళ్ళల్లో దిగిపోయాడు. రెండోరోజు దిగువ లంకలో దొరికాడు.

"నేను పలికుంటే, అమ్మ వత్తందిలే అని ఈ గట్టు మీద కూసునేవోడు. అదండి నాకు పట్టుకుంది. పలికుంటే ఆడికి ఇనపడేదా, లేదా? ఆ రోజూ గాలి ఇట్టాగే లంకేపు ఉందండి. అప్పట్నించీ ఒక్క పిలుపుకే పలుకుతన్నాను, ఎవరైనా సరే. ఒచ్చి అడుగుతాను. కొందరు ఇనపడిందంటారు, కొందరు లేదంటారు. నన్ను చూసి జాలిపడి సెబుతారు. మనుసుల మాటేం నమ్మనండి?"

అప్పుడు ఆమె చూపు వెదురు కర్రకి కట్టిన మైకు మీద పడింది. అదేమిటని అడిగింది. చెప్పాను. నీళ్ళ అంచున ఉన్న ఏ చప్పుడైనా దాంట్లో పడుతుందని, గొప్పగా, వివరంగా చెప్పాను. నా నోరు అంతే.

"అయితే దాంట్లో పడుంటదా? ఎయ్యండి బాబూ, ఇందాం. అది అబద్ధం ఆడదు కదా."

వెనక్కి తిప్పి బటన్ నొక్కాను. సెల్సు నీరసించిపోయి ఉన్నాయి. మిషన్ మూలిగినట్టు ఒక చప్పుడు చేసి ఆగిపోయింది. ఇంటి దగ్గర కరెంటు మీద వేసి చూస్తామన్నాం. మా కొట్టు ఎక్కడో చెప్పాను. ఆదివారం సంతకి వస్తాననీ, అప్పుడు వచ్చి వింటాననీ అంది. పడవ మళ్ళీ చప్పుడు లేకుండానే వెళ్ళిపోయింది. మేము సైకిళ్ళు తొక్కిన తొక్కుడికి ముప్పావుగంట దారి అరగంటయ్యింది.

మర్నాడు పొద్దున్న గొడౌన్లో టేపు వేశాం. బయట వీధిలో రిక్షాలు, అరుపులు, పొద్దుటి ఎండ. నాన్న కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. నీళ్ళ చప్పుడు. వాడి పిలుపు. పిలుపు ఆగీ ఆగకముందే,

"వత్తన్నానయ్యా!"

నేను బటన్ మీద వేలు పెట్టాను గానీ నొక్కలేకపోయాను. అవతలి ఒడ్డునుంచి వచ్చిన మాటలా లేదది. మైకు పక్కనే, నీళ్ళ అంచున కూర్చుని అన్నట్టుంది. ఊపిరి పీల్చుకున్న చప్పుడు కూడా పడింది. మళ్ళీ వేశాం. మళ్ళీ అంతే దగ్గరగా వచ్చింది. నీళ్ళ మీద మాట జారుకుంటూ వస్తుందని, గట్టు మీద తాటాకుల కింద ఉన్నవాళ్ళకి వినపడనిది అంచున ఉన్న మైకుకి వినపడొచ్చని తరవాత నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను. అంత దగ్గరగా ఎలా వచ్చిందో మాత్రం ఇప్పటికీ చెప్పుకోలేకపోయాను.

ఆమె కొడుకు నిలబడింది గట్టు మీద కాదు. పడవ కోసం చూసేవాడెవడైనా నీళ్ళ అంచునే నిలబడతాడు, సరిగ్గా మేము మైకు పాతిన చోట. ఈ సంగతి ముగ్గురికీ ఒకేసారి తట్టిందనుకుంటాను. రేవులో జరిగిందంతా నాన్నకి ముందురోజు రాత్రే చెప్పేశాను. ఆయన ఒక లాంతరు గ్లాసు తీసుకుని చాలాసేపు తుడిచారు. "ఆవిడ ఆదివారం వస్తానందా?" అని మాత్రం అడిగారు.

శుక్రవారం టేపు ఇచ్చెయ్యాలి. జవాబు ఉన్న టేపు పనికిరాదు. పిలవగానే పడవ వస్తానంటే ఇంక లాంతరెందుకు? మళ్ళీ రేవుకెళ్దామంటే నా జతగాడు చేతులెత్తేశాడు. "ఆ పిలుపు నేను మళ్ళీ పిలవను. మార్కులు పోతే పోయాయి" అన్నాడు. వాడి మీద కోపం వచ్చింది గానీ వేరే ఇంకెవరినైనా తీసుకెళ్ళాలని నాకూ లేదు. కొత్త కాసెట్ కొని పాతది దాచొచ్చు కదా అని మీరడగొచ్చు. కొత్త కాసెట్ కొంటే పిలుపు మళ్ళీ పిలవాలి. టేపులోంచి టేపులోకి ఎక్కించడానికి రెండో మిషన్ కావాలి, అది అడగడానికి ఎవరింటికైనా వెళ్ళాలి, కారణం చెప్పాలి. చెప్పొచ్చు. చెప్పలేదు. బద్ధకం కొంత, భయం కొంత, విజయవాడ కొంత.

గురువారం నాన్న భోజనానికి వెళ్ళినప్పుడు గొడౌన్లో కూర్చున్నాను. మైకుని తువాలులో నాలుగు మడతలు చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. టేపుని పిలుపు చివరికి తెచ్చి ఆపి, రికార్డు బటన్ నొక్కి నాలుగు లెక్కపెట్టి వదిలాను. ఆమె మాట పోయింది. తరవాత వాడొచ్చాక అగ్గిపుల్ల గీశాం, గ్లాసు లేపాం, గంగాళంలో నీళ్ళు పోసి గరిటెతో తెడ్డు వేశాం, వాడు వాక్యం చెప్పాడు. సరిగ్గా ముప్పై సెకన్లు.

శుక్రవారం క్లాసులో అందరివీ వినిపించారు. కొబ్బరినూనె, గొడుగులు, పూతరేకులు, అన్నిట్లోనూ పాటలే. మాది వేశారు. నీళ్ళు, పిలుపు, ఆ తరవాత నాలుగు సెకన్లు. వెనక బెంచీల్లో నవ్వుతున్నవాళ్ళు కూడా ఆగిపోయారు. తువాలు కప్పిన మైకు కదా, ఆమె మాటతో పాటు నీళ్ళ చప్పుడు కూడా చెరిగిపోయింది. పిలుపు అవగానే గోదావరి ఆగిపోయినట్టు ఉంది. ఒకమ్మాయి చెవులు మూసుకుంది. అగ్గిపుల్ల చప్పుడు వినగానే అందరూ కదిలారు.

"ఈ నిశ్శబ్దం ఎలా తీశావయ్యా?" అన్నారు లెక్చరర్ గారు. ఆయన చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. "ఊరికే వచ్చిందండి" అన్నాను. మొదటి బహుమతి మాదే అన్నారు. టేపు సోమవారం తనకిచ్చెయ్యమని, ఈలోపు ఇంట్లో వినిపించుకోమని చెప్పారు. నేనెంత కోరుకున్న మాటో అది. విన్నప్పుడు మాత్రం తలెత్తకుండా మిషన్ తీగ చుట్టుకుంటూ కూర్చున్నాను.

ఆదివారం ఆమె వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని వచ్చింది. డాక్టరు దగ్గరికి వచ్చినవాళ్ళలా మెట్టు కింద నిలబడింది. నాన్న గల్లాపెట్టె దగ్గర ఉన్నారు. లోపలికి రమ్మని స్టూలు చూపించారు. నా జతగాడు ఆ రోజు మా వీధిలోకే రాలేదు.

"ఇన్నారా బాబూ? పడిందా?"

నిజం చెప్పాలంటే రెండు చెప్పాలి. పడింది, నేను చెరిపేశాను అని. రెండోది చెప్పడానికి నాకు నోరు రాలేదు. అన్నింటికీ ముందుకి వచ్చే నోరు అప్పుడు రాలేదు. "పడలేదమ్మా" అన్నాను.

"ఒక్కసారి ఎయ్యండి, ఇంటాను."

వేశాను. ఆమె మిషన్ వైపు ఒంగి, చెవి దాని మీద ఆనించింది. నీళ్ళు. పిలుపు. ఆ నాలుగు సెకన్లూ ఆమె పెదాలు కదిలాయి. టేపులోంచి నేను తీసేసిన మాటని ఆమె గొంతులోనే పలుకుతోందని నాకు తెలిసింది. టేపులో అగ్గిపుల్ల గీసిన చప్పుడు వచ్చింది.

"నీళ్ళ సప్పుడు కూడా ఆగిపోయిందేంటి బాబూ?"

"మిషన్ అంతేనమ్మా. దూరం చప్పుళ్ళు పట్టుకోదు" అన్నాను.

మళ్ళీ వెయ్యమంది. వేశాను. మూడోసారి వెయ్యమంది. మూడోసారి విని నిటారుగా కూర్చుని, నా వైపు కాకుండా నాన్నవైపు తిరిగింది. మా నాన్న సంగతి లంకలన్నిటికీ తెలుసు. పగులున్న గ్లాసైతే పగులుందని చెప్పి మరీ ఇచ్చేవారు.

"సావుకారు గారూ, మీరూ ఇన్నారా అండి? మొదట్నించీ ఇంతేనా?"

నాన్న నా వైపు చూశారు. గురువారం నేనేం చేశానో ఆయనకి నేను చెప్పలేదు. ఇప్పుడు వింటూ తెలుసుకున్నారు. ఆ చూపు ఎంతసేపు ఉందో లెక్కపెట్టలేదు.

"విన్నానమ్మా" అన్నారు. "ఇంతే. ఏమీ వినపడలేదు."

ఆమె వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకున్నట్టు చూసుకుంది.

"అయితే ఇనపడదన్నమాట. పలికినా ఒకటే, పలక్కపోయినా ఒకటే. నేను పలికినా ఆడు దిగిపోయేవోడే" అంది. ఎవరితోనూ అన్నట్టు లేదు. ఆ మాట అంటూండగా ఆమె భుజాలు కిందికి దిగాయి. నాలుగేళ్ళ నుంచి అలా ఎత్తిపెట్టుకునే ఉందని దిగాకే తెలిసింది. ఏడ్చింది, కొంగుతో మొహం తుడుచుకుంది, మంచినీళ్ళు అడిగి తాగింది. "ఇంక ఒక్క పిలుపుకి పలకనండి. అలిసిపోయాను" అంది.

వెళ్ళబోతూ మెట్టు దిగి వెనక్కి తిరిగింది. రెండు చేతులూ జోడించింది. నాన్న గబుక్కున లేచి, ఏదో పని గుర్తొచ్చినట్టు, ఆ దండం తన మీద పడకుండా గొడౌన్లోకి వెళ్ళిపోయారు. ఇద్దరం ఆడింది ఒకే అబద్ధం. ఆయన ఆమె కోసం ఆడారు, నేను దొరికిపోకుండా ఆడాను.

"సల్లగా ఉండు బాబూ. నిజం సెప్పావు" అంది ఆమె. నేను అక్కడే నిలబడి ఆ దండం పెట్టించుకున్నాను.